పిట్ట పోయింది, జింక మిగిలింది

పోయిన కార్తీకంలో ఒకరోజు పొద్దున్నే మా నాయన వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. నల్లరేగడి చేను. అప్పుడే మొలకెత్తి నాలుగాకులు వేసిన శనగ. దాని మీద నలభై యాభై జింకలు. ఆడవి గోధుమ రంగులో, మగవి నల్లగా, మెలితిరిగిన కొమ్ములతో. లంచ్‌లో మా టీమ్‌కి చూపించాను. "మీ ఇంటి వెనకాల సఫారీ ఉందా బ్రో?" అన్నాడొకడు. ఇంకో అమ్మాయి వీడియో అడిగి తీసుకుని స్టేటస్ పెట్టుకుంది, మూడు హార్ట్‌లతో. వీడియోలో మా నాయన గొంతు కూడా ఉంది. "హోయ్... హోయ్..." అని అరుస్తూ పరిగెత్తుతున్నాడు. ఆఫీసు కదా అని సౌండ్ మ్యూట్‌లో పెట్టాం. ఎవరికీ వినపడలేదు.

మాది నంద్యాల జిల్లా. రోళ్లపాడుకు బండి మీద అరగంట దూరంలో ఉంటుంది మా ఊరు. పక్షుల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు రోళ్లపాడు పేరు తెలిసే ఉంటుంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. 614 హెక్టార్ల గడ్డి నేల. 'అరణ్యం' అనే మాట చూసి వెళ్తే నిరాశ పడతారు, చెట్లు పెద్దగా ఉండవు. ఆ పిట్టకు కావాల్సింది కూడా అదే. మీటరు ఎత్తు, మగదైతే పదిహేను కిలోల దాకా బరువు. అంత పెద్ద పిట్ట నేల మీద, మామూలుగా ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. చుట్టూ దూరం దాకా కనిపించాలి, అప్పుడే దానికి ధైర్యం. ఇప్పుడు దేశం మొత్తం మీద అడవిలో 150 కూడా లేవు. ఉన్నవాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లో, జైసల్మేర్ ఎడారి వైపు ఉన్నాయి. రోళ్లపాడులో అది కనిపించక ఏళ్లయింది.

పిట్ట కోసం కాపాడిన గడ్డిలో కృష్ణజింకలు పెరిగాయి. రోళ్లపాడు కథంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. పిట్ట పురుగులు తింటుంది, చేలో గింజలు కాసిని తింటుంది, దాంతో రైతుకు పేచీ లేదు. జింక చేను మేస్తుంది.

వీడియో వచ్చిన వారానికి రెండు వారాలు వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఊరికి పోయాను. అంతకుముందే అక్టోబరులో కేరళ అసెంబ్లీ వన్యప్రాణి చట్టానికి తన సొంత సవరణ బిల్లు పాస్ చేసిందని చదివాను. కేంద్ర చట్టం మీద ఒక రాష్ట్రం సవరణ చేయడం, అది కూడా ఈ చట్టం మీద, చిన్న విషయం కాదు. మరి మా వాళ్లు ఏమంటారు? సాయంత్రం కాల్స్ అయిపోయాక కనపడిన వాళ్లందరినీ ఒకటే అడిగాను: "ఈ చట్టాన్ని మార్చే అవకాశం నీకిస్తే ఏం మారుస్తావు?"

ముందు చట్టం ఏమంటుందో చెప్పాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. జంతువుల్ని షెడ్యూళ్లుగా విడదీస్తుంది. 2022 సవరణతో ఆరు షెడ్యూళ్లు నాలుగయ్యాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మొదటి షెడ్యూల్లో ఉన్నవాటికి గట్టి రక్షణ. పులి, ఏనుగు, బట్టమేక పిట్ట, నెమలి, కృష్ణజింక అన్నీ అందులోనే. వాటిని వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, తక్కువలో తక్కువ 25,000 జరిమానా. కృష్ణజింక అనగానే మనకు సల్మాన్ ఖాన్ గుర్తొస్తాడు. 1998లో జరిగిన వేటకు 2018లో జోధ్‌పూర్ కోర్టు ఐదేళ్ల శిక్ష వేసిన కేసు అది.

అసలు మెలిక సెక్షన్ 11లో ఉంది. రెండో షెడ్యూల్ జంతువు, అంటే ఇప్పుడు అడవి పంది లాంటిది, మనిషికే కాదు ఆస్తికి, నిలబడ్డ పంటకు ముప్పు తెస్తే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారమిచ్చిన ఆఫీసర్ గానీ వేటకు అనుమతి ఇవ్వొచ్చు. మొదటి షెడ్యూల్ జంతువైతే మనిషి ప్రాణానికి ప్రమాదమైనా ఉండాలి, అది కోలుకోలేని జబ్బుతోనో గాయంతోనో అయినా ఉండాలి. పంట అనే మాట అక్కడ లేదు. కృష్ణజింక మనిషి ప్రాణం తీయదు. కాబట్టి చేను మొత్తం మేసినా ఆ సెక్షన్ కింద దానికి మందు లేదు.

అంతర్జాతీయ లెక్కల్లో చూస్తే బట్టమేక పిట్ట అంతరించిపోయే ప్రమాదంలో చివరి మెట్టు మీద ఉంది. కృష్ణజింక గురించి పెద్దగా ఆందోళన అవసరం లేదని అదే జాబితా చెప్తుంది. మన చట్టంలో రెండూ ఒకే వరసలో ఉన్నాయి. నా భాషలో చెప్పాలంటే ఈ డేటాబేస్‌లో జంతువు పేరు ఉంది, లొకేషన్ అనే కాలమ్ లేదు. వేరే చోట పది జింకలే మిగిలినా, మా దగ్గర వందలున్నా ఒకటే రూలు. ఇంకో తమాషా, కృష్ణజింక మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. ఈ మాట చెప్తే మా నాయన నవ్వలేదు.

మా పెదనాయనకు డెబ్బై దాటాయి. బట్టమేక పిట్టను కళ్లారా చూసిన వాళ్లలో మా ఇంట్లో మిగిలింది ఆయనే. బొంబాయి నుంచి పక్షుల సార్లు వచ్చినప్పుడు వాళ్ల జీపుకు దోవ చూపించానని ఇప్పటికీ చెప్తాడు. మగ పిట్ట గొంతు కింద సంచిని ఉబ్బించి, తోక ఎత్తి నిలబడి, లోపల్నుంచి 'హూమ్' అని అరిచేదట. ఆ శబ్దం నాకు చేసి చూపించాడు కూడా, దగ్గొచ్చి ఆగిపోయాడు.

"పిట్ట కోసరం అంటే సరే అన్న్యాం అబ్బీ. గొర్ల మేపు వదులుకున్న్యాం. జింకల కోసరం అని మమ్మల్ని ఎవురూ అడగలే" అన్నాడు.

అడిగిన ప్రశ్నకు మాత్రం ఆయన జవాబు వేరుగా ఉంది. పిట్ట విషయంలో చట్టాన్ని ఒక్క అక్షరం కూడా మార్చొద్దన్నాడు. "అది మళ్లా రావొచ్చు." రాదని నాకనిపిస్తుంది. అనలేదు. దానికి చట్టం ఒక్కటే సరిపోలేదన్నది మాత్రం మా కళ్ల ముందు జరిగిందే. కాలువ నీళ్లు, బోర్లు వచ్చాక చుట్టుపక్కల జొన్న, కొర్ర తగ్గిపోయాయి, పత్తి, మొక్కజొన్న వచ్చాయి. మందులు వచ్చాయి. బీళ్లు చేలయ్యాయి. ఈ పిట్టకు ఎదురుగా ఉన్నది సరిగా కనపడదు, కరెంటు తీగలకు తగిలి చస్తుంది. రాజస్థాన్‌లో ఆ తీగల మీదే సుప్రీంకోర్టు దాకా కేసు నడిచింది. చంపితే జైలు అనే చట్టం పిట్టను తుపాకీ నుంచి కాపాడింది. మిగతా వాటి నుంచి కాపాడలేదు.

చిన్నాయనది పందుల గోడు. బుడ్డల చేనులో పంది పడిందంటే తిన్నదానికన్నా తవ్వి పారేసిందే ఎక్కువ. కాగితం మీద చూస్తే పందికి దారి ఉంది. పోయిన ఏడాది ఆయన ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చాడు. ఫొటోలు తెమ్మన్నారు, సర్వే నంబరు కాపీ తెమ్మన్నారు, నష్టం అంచనా రాయించుకు రమ్మన్నారు. అన్నీ పట్టుకుని పోయేసరికి బుడ్డలు పీకడం అయిపోయింది. ఒకవేళ అనుమతి వచ్చినా కాల్చేదెవరు? ఊర్లో లైసెన్స్ తుపాకీ ఉన్నవాడు ఒక్కడూ లేడు.

అందుకే జనం తీగలు పెడతారు. ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆగాను. రెండేళ్ల కింద మా పక్క ఊర్లో ఒక అబ్బాయి, ఇరవై నాలుగేళ్లు, రాత్రి మోటరు వేయడానికి పోతూ పక్క చేనులో పందుల కోసం పెట్టిన కరెంటు తీగ తొక్కాడు. అక్కడికక్కడే పోయాడు. తీగ పెట్టిన ఆయన ఆ అబ్బాయికి వరసకు మామ. ఆయన జైలుకు పోయాడు. ఇప్పుడు ఆ రెండిళ్ల మధ్య మాటల్లేవు, ఆ రెండు చేలూ బీడుగా ఉన్నాయి. పంది మాత్రం యథాప్రకారం వస్తూనే ఉంది.

చిన్నాయన ఆ సంగతి చెప్పి, "పర్మిషన్ ఇచ్చేది ఊర్లోనే ఉండాల. అర్జీ ఇచ్చిన వారం లోపల అవునో కాదో చెప్పల్ల. కాదన్నా పర్వాలేదు, చెప్తే సాలు" అన్నాడు. ఆయన కోరే సవరణ అంతే. కేరళ 2022లోనే పంచాయతీ అధ్యక్షులు, మున్సిపల్ చైర్మన్ల చేతికి పందుల విషయంలో అనుమతిచ్చే అధికారం ఇచ్చింది. అంటే ఉన్న చట్టంలోనే అంత దూరం పోవచ్చు. కేరళ కొత్త బిల్లు ఇంకో అడుగు వేసింది. రెండో షెడ్యూల్ జంతువును ఫలానా ప్రాంతంలో, ఫలానా కాలానికి 'హానికర జంతువు'గా ప్రకటించే అధికారం ఇప్పుడు కేంద్రం దగ్గర ఉంది, అది రాష్ట్రానికి కావాలంటోంది. కేంద్ర చట్టంతో తేడా వస్తుంది కాబట్టి దానికి రాష్ట్రపతి ఆమోదం అవసరం.

మా ఇంటి ఎదురుగా ఉండే మామ కౌలు రైతు. నాలుగెకరాలు చేస్తాడు. నా ప్రశ్న విని నన్ను చూసి నవ్వాడు. "సట్టం తర్వాత మారుద్దువు లేబ్బీ. ముందు నా పేరు యాడన్నా రాయమను." పాస్‌బుక్ భూమి యజమానిది. ఆ యజమాని ఉండేది హైదరాబాదులో, బహుశా మా ఆఫీసుకు దగ్గర్లోనే. జింక తిన్నది మామ పెట్టుబడి. నష్టపరిహారం అంటూ ఏదైనా వస్తే అది పోయేది పాస్‌బుక్‌లో ఉన్న పేరుకు.

నేను ఊర్లో ఉండగానే నవంబరులో ఇంకో వార్త వచ్చింది. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో అడవి జంతువుల వల్ల జరిగే నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి చేరుస్తామని కేంద్రం ప్రకటించింది. ఏ జంతువులు, ఏ జిల్లాలు అన్నది రాష్ట్రాలు ప్రకటించాలి. నష్టం జరిగిన 72 గంటల్లో యాప్‌లో, లొకేషన్ పడే ఫొటోలతో రిపోర్ట్ చేయాలి. ఇది చదివి నాకు సంతోషమేసింది. ఆ సంతోషంలోనే మామకు చెప్పాను. ఆయన ఒకటే అడిగాడు: "72 గంటలు ఎప్పుటి నుంచి?"

నిజమే. వరదొస్తే ఒకరోజు వస్తుంది, వడగళ్లు ఒక గంట పడతాయి. జింకలు వచ్చేది నెల రోజులు. ఈరోజు రెండు సాళ్లు, రేపు నాలుగు సాళ్లు. గడియారం ఏ పొద్దున మొదలవ్వాలి? మా టీమ్‌లో ఇలాంటి రిక్వైర్‌మెంట్ వస్తే మొదటి మీటింగ్‌లోనే వెనక్కి పంపి "ఈ కేసు ఆలోచించారా?" అని అడిగేవాళ్లం. మామ ఐదో తరగతి దగ్గర ఆగిపోయాడు, టెస్టింగ్‌లో మాత్రం నాకన్నా గట్టివాడు.

ఇక రాత్రి కాపలా. మగవాళ్ల మాటల్లో ఇది ఎక్కువ రాదు, మా చిన్నమ్మను అడిగాక తెలిసింది. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ఆమె, చిన్నాయన రోజు మార్చి రోజు చేనులో పడుకుంటారు. టార్చి, పాత డబ్బా, దాన్ని కొట్టడానికి ఒక కట్టె. మూడు నెలలు సగం నిద్రే. పగలు మళ్లీ కూలికి పోతుంది. ఆ నిద్రకు ఏ బీమా ఉంది? నష్టం అంచనా రాసే కాగితంలో దానికి గడి లేదు.

అయినా చంపే మాట ఎత్తగానే ఆమెకు కోపమొచ్చింది. "జింక మీద సెయ్యెత్తేది మావల్ల కాదు. జింక ఎంట పోతే ఏమైతాదో రామాయణంలోనే ఉండాది గదా" అంది. ఆమెకు కావాల్సింది కంచె. పంది దూరకుండా, జింక దూకకుండా ఉండే కంచె ఎకరం రెండెకరాల రైతు సొంతంగా వేసుకోలేడు. నలుగురైదుగురు కలిసి వేసుకుంటే ఖర్చు తగ్గుతుంది, దానికి సబ్సిడీ ఇమ్మంటుంది. ఇంకోమాట కూడా అంది: "వాటికి మేత యాడుంది? బీళ్లన్నీ మనమే దున్నితిమి." ఆమె అడిగినదాంట్లో చట్టం మార్చాల్సిన అవసరమే లేదు.

చంపనివ్వాలని గట్టిగా అన్నది ఒక్కడే, ఇంటర్‌లో నా క్లాస్‌మేట్. వాడు డిగ్రీ మధ్యలో ఆపి వ్యవసాయంలో దిగాడు. "ఒక్క సీజన్. ఒక్క సీజన్ కాల్చనిస్తే అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు.

వాడికి బీహార్ సంగతి చెప్పాను. 2015 చివర్లో అక్కడ నీల్‌గాయిల్ని, పందుల్ని ఏడాది పాటు హానికర జంతువులుగా ప్రకటించారు. 2016 జూన్‌లో మొకామా దగ్గర కొద్ది రోజుల్లోనే 200కు పైగా నీల్‌గాయిల్ని కాల్చారు. ఆ కాల్చిన బృందంలో మన హైదరాబాద్ షూటర్ కూడా ఉన్నాడు. ఢిల్లీలో ఇద్దరు కేంద్ర మంత్రులు మేనకా గాంధీ, ప్రకాశ్ జావడేకర్ దీని మీద బహిరంగంగా మాటామాటా అనుకున్నారు. ఆ తర్వాత కూడా బీహార్ రైతులకు నీల్‌గాయిల గోల తప్పలేదు. హిమాచల్‌లో కోతుల్ని హానికర జంతువులుగా ప్రకటిస్తే, హనుమంతుడని చాలామంది రైతులు చంపనే లేదు. ఊరికే తలుపు తెరిచినంత మాత్రాన పని జరగదు, జరిగినా అక్కడితో తీరదు.

వాడు అంతా విని, "సరే. మరి ఏం చేయమంటావో నువ్వే చెప్పు" అన్నాడు. అక్కడ నేను ఇరుక్కున్నాను. వద్దని చెప్పడం నాకు సులభం, నా జీతం నెలాఖరుకు పడుతుంది.

నా దగ్గరున్న ఒకే ఒక్క ఉదాహరణ చూపించాను. మధ్యప్రదేశ్ షాజాపూర్ జిల్లాలో అదే సీజన్లో చేసిన పని. హెలికాప్టర్‌తో మందను మెల్లగా నడిపించి, గరాటు ఆకారంలో గుడ్డ గోడలు కట్టిన దొడ్లోకి పంపి, అక్కడి నుంచి లారీల్లో ఎక్కించి వేరే అడవులకు తరలించారు. దక్షిణాఫ్రికా నిపుణుల సాయంతో 800కు పైగా కృష్ణజింకల్ని అలా పట్టారు. తుపాకీ లేదు. శాస్త్రీయంగా జంతువుల్ని తరలించడానికి ఇప్పుడున్న చట్టమే అనుమతిస్తుంది, సెక్షన్ 12. వాడు ఆ వీడియో నాలుగుసార్లు చూశాడు. "ఇది మన దగ్గర ఎందుకు చేయరు?" అన్నాడు. కృష్ణా నది అవతల నారాయణపేట జిల్లాలో కృష్ణ, మాగనూరు, మక్తల్ మండలాల రైతులదీ ఇదే గోడు. వాళ్లూ అదే అడుగుతున్నారు.

నేను పోగుచేసిన జవాబులన్నీ పక్కన పెట్టి చూస్తే నాకు కనిపించింది ఇది. రైతులు చట్టం మార్చమంటున్నారంటే సిటీలో మనకు తుపాకులు గుర్తొస్తాయి. మా ఊర్లో వాళ్లడిగింది ఎక్కువగా జవాబు. మంద పెరిగితే ఎవరు లెక్కపెడతారు, ఎవరు తరలిస్తారు, అర్జీకి ఎన్నిరోజుల్లో బదులిస్తారు, పోయిన పంటకు డబ్బు ఎవరి పేరున ఇస్తారు. మొదటి షెడ్యూల్‌ని నేనైతే ముట్టుకోను. ఒకసారి జింకను కిందికి దింపితే రేపు నెమలి, ఎల్లుండి ఇంకోటి, పైగా మాంసం వ్యాపారానికి రైతు పేరు అడ్డం పెట్టుకునే వాళ్లు సిద్ధంగా ఉంటారు. కానీ ఒక ప్రాంతంలో జింకలు ఇన్ని దాటితే ఇన్ని నెలల్లో తరలించి తీరాలి అని చట్టంలో రాయాలి. ఇప్పుడు తరలించవచ్చు అని ఉంది. తరలించాలి అని లేదు. నాకు కావాల్సిన సవరణ ఆ ఒక్క క్రియాపదం.

హద్దుల విషయం కూడా ఉంది. మహారాష్ట్రలో ఇదే పిట్ట కోసం 1979లో పెట్టిన అభయారణ్యం 8,496 చదరపు కిలోమీటర్లు. షోలాపూర్, అహ్మద్‌నగర్ వైపు ఊళ్లకు ఊళ్లే అందులో పడ్డాయి. తగ్గించి తగ్గించి 1,222కి తెచ్చేసరికి ముప్పై ఏళ్లు పట్టింది. అప్పటికి పిట్టలు దాదాపు పోయాయి, రైతుల కోపం మాత్రం ఉండిపోయింది. మధ్యప్రదేశ్ కరేరాలోనూ ఇంతే. 1981లో అభయారణ్యం వచ్చింది, లోపల ఉన్న ఊళ్లలో భూములు అమ్ముకోవడం ఆగిపోయింది, పిట్ట మాయమైంది. పిట్ట లేకపోయినా ఆంక్షలు ఏళ్ల తరబడి నడిచాయి. తన పొలంలో గుడ్డు కనపడితే రైతు సంతోషంతో ఫోన్ చేయాలి. భూమి ఎక్కడ ఇరుక్కుంటుందో అని గుడ్డు సంగతి దాచే పరిస్థితి తెచ్చుకుంటే ఇక ఆ పిట్టను ఎవరు కాపాడతారు?

హైదరాబాద్ తిరిగొచ్చే ముందు క్లాస్‌మేట్, నేను కలిసి ఒక అర్జీ రాశాం. చంపే మాట లేదు, మందను తరలించమని. పెదనాయన మొదటి సంతకం పెట్టాడు, మామ వేలిముద్ర వేశాడు. చిన్నమ్మ కంచె గురించి కూడా రాయమంది, రాశాం. ఆఫీసులో ఇస్తే తీసుకున్నారు, బాగానే మాట్లాడారు. ఎన్ని జింకలున్నాయో లెక్క ఉందా అని అడిగారు. లేదన్నాం. వాళ్ల దగ్గరా లేదట.

దాంతో ఊరి కుర్రాళ్లు ముగ్గురు ఒక ఆదివారం తెల్లారకముందే మూడు వైపులా నిలబడి లెక్కపెట్టారు. మూడు లెక్కలు వచ్చాయి, ఒకదానికొకటి పొంతన లేదు. మంద కదులుతుంటే ఒకే జింకను ఇద్దరు లెక్కపెట్టారు. నేనిక్కడి నుంచి ఒక షీట్ తయారుచేసి పంపాను. టైమ్, దిక్కు, ఆడవి ఎన్ని, మగవి ఎన్ని, పిల్లలెన్ని. రోడ్డుకు ఇటు ఒకరు, అటు ఒకరు, చెరువు కట్ట మీద ఒకరు. వచ్చే ఆదివారం మళ్లీ చేస్తారు. పెదనాయన తనూ వస్తానన్నాడట, కట్ట మీద ఆయనకు కుర్చీ వేయాలి.